దేవుడి కుండలో బియ్యం

మా అత్తగారింట్లో పొయ్యి పక్కన మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి ఉండేది. దాన్ని దేవుడి కుండ అనేవాళ్ళం. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి అందులో వేయాలి. ఆదివారం ఆ కుండ నెత్తిన పెట్టుకుని గుడికి వెళ్ళాలి. మా పేటలో ప్రతి ఇంట్లోనూ అలాంటి కుండ ఉండేది. గుడిలో వాక్యం చెప్పే అయ్యగారి కుటుంబం ఆ బియ్యంతోనే బతికేది. మిషను నుంచి వచ్చే జీతం ఉప్పుకీ కిరసనాయిలుకీ సరిపోయేది.

ఆ పద్ధతి మంచిదని ఇప్పటికీ అంటాను. కానుక కవర్లో పెట్టి ఇవ్వడం ఎవరికైనా వస్తుంది. ఆకలి మీద పొయ్యి ముందు కూర్చుని, కొలిచిన గింజల్లోంచి మళ్ళీ తీయడానికి చెయ్యి రాదు. ఆ చేతిని లొంగదీయడమే భక్తి. నేను బళ్ళో చదివింది అక్షరాలు కూడబలుక్కునేంత వరకే. మిగతా చదువంతా ఆ కుండ దగ్గరే అయింది. అయితే ఆ పిడికెడు ఎవరి కంచంలో తగ్గుతోందో చూసుకోవాలి. మా ఇంట్లో నా కంచంలో తగ్గేది.

వడ్డించేది మా అత్త. ముందుగా మామిడితోటలో కావలి ఉన్న నా భర్తకి గిన్నెలో పెట్టి పంపేది. తర్వాత తను తినేది. అడుగున మిగిలింది నాది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి గిన్నె వంక చూస్తూ కూర్చుంటే నవ్వింది.

"ఏంటే అట్టా చూస్తన్నావు? కుండలో వేసిన పిడికిలి ఎవరిది?"

"నాదే అత్తయ్యా."

"దీవెన ఎవరికొస్తది?"

"నాకే."

"మరి తగ్గేది నీ కంచంలో కాక నా కంచంలోనా?"

ఈస్టరుకి ముందు నలభై రోజులూ శ్రమల దినాలు. అవి వస్తే ఇంకో నియమం ఉండేది. శుక్రవారం పేటంతా ఉపవాసం. ఆ రోజు తినని పూటల బియ్యం కూడా కొలిచి కుండలో పోయాలి. తినకుండా మిగిల్చిన గింజ ఇంట్లో ఉంటే అది ఉపవాసం కాదు, పొదుపు అనేవారు అయ్యగారు. ఆ మాట నాకు నచ్చింది. మా అత్తకి మరీ నచ్చింది. నాకు బుధవారం కూడా ఉపవాసం పెట్టింది.

దానికీ కారణముంది. ఆదివారం కుండలన్నీ గుడిలో ప్రభువు బల్ల ముందు పరిచిన గోనెపట్టా మీద అందరూ చూస్తుండగా పోసేవాళ్ళు. మా కుండ వంచితే బియ్యం చాలాసేపు పడేది. ఆ చప్పుడు వింటూ మా అత్త కొంగు సర్దుకుని చుట్టూ చూసేది. ఆ చూపు కోసం నేను వారానికి రెండు రోజులు పస్తులున్నాను.

నాకు పెద్దపిల్ల పుట్టిన ఏడు శ్రమల దినాలు చెడ్డ కాలంలో వచ్చాయి. వరి నూర్పిళ్ళు అయిపోయాయి. మామిడి ఇంకా పిందె మీదే ఉంది, కోతలు మొదలుకాలేదు. ఆడవాళ్ళకి కూలి దొరకదు. నా భర్త వడిసెల పట్టుకుని రాత్రీ పగలూ తోటలోనే ఉండేవాడు. ఇంట్లో మా అత్త, నేను, పసిపిల్ల.

పాలు తగ్గాయి. పిల్ల రొమ్ము పట్టుకుని లాగి లాగి, వదిలేసి ఏడ్చేది. కొన్నాళ్ళకి ఏడుపులో కూడా బలం తగ్గింది. అప్పుడు భయమేసి అడిగాను.

"అత్తయ్యా, ఈ శుక్రవారం నేను ఉపవాసం ఉండలేను. పిల్లకి పాలు చాలడం లేదు."

"పాలిచ్చేది నువ్వా, దేవుడా?"

"దేవుడే."

"మరి దేవుణ్ణి అడగడం మానేసి కుండని అడుగుతావేంటే?"

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్ళ వరసలో మోకాళ్ళ మీద ఉన్నాను. ఒళ్ళో పిల్ల మూలుగుతోంది. మా అత్త గొంతెత్తి ప్రార్థన అందుకుంది.

"తండ్రీ, మా ఇంట్లో ఒకర్తి ఉంది. అదెవర్తో నీకు తెలుసు. దానికి నీ సన్నిధి కంటే గంజి మీద మోజెక్కువ. దాని కడుపుకి బుద్ధి చెప్పు తండ్రీ."

అందరూ ఆమెన్ అన్నారు. వెనకనుంచి ఒకావిడ, "ఇంకాస్త గట్టిగా అనండమ్మా, దాని కడుపులో మోతకి దేవుడికి వినపడి ఉండదు" అంది. ఉపవాసం ఉన్న నోళ్ళన్నీ నవ్వాయి. నేను కళ్ళు తెరవలేదు. కళ్ళు తెరిస్తే ప్రార్థన చెడుతుందని చిన్నప్పుడు నేర్పారు.

ప్రార్థన అయ్యాక అయ్యగారి భార్య నన్ను గుడి వెనక్కి పిలిచింది. ఆవిడకీ నా పిల్ల ఈడు బిడ్డే ఉంది. చేతులు చాపింది.

"ఇటివ్వు పిల్లని."

"వద్దు అమ్మగారూ, మా అత్తయ్య చూస్తే..."

"మీ అత్తయ్య లోపల ఇంకో ప్రార్థన ఎత్తుకుంది. అది ఇప్పట్లో అయ్యేది కాదు. ఇవ్వు."

నా పిల్ల ఆవిడ దగ్గర గుటకలు వేస్తూ తాగింది. ఆ గుటకల చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. "నాకు ఎక్కువే ఉన్నాయిలే. మీరంతా పెట్టే బియ్యమేగా" అంది ఆవిడ. నా కంచంలో తగ్గిన పిడికిళ్ళు గుర్తొచ్చాయి. నా బియ్యమే తిరిగి తిరిగి నా పిల్ల నోట్లో పడుతోందనుకున్నాను. దేవుడి లెక్క ఇలా ఉంటుంది కాబోలని సంతోషించాను కూడా. తొందరపడ్డాను.

ఆ రోజునుంచి నీళ్ళకని బిందె చంకనేసుకుని, పిల్లని ఇంకో చంకన వేసుకుని అయ్యగారింటికి వెళ్ళేదాన్ని. పిల్ల బుగ్గలు పూడాయి. ఉపవాసాలు నేనేమీ మానలేదు. పిల్ల కడుపు నిండుతుంటే నా ఆకలి నాకు తేలికైంది. నిజం చెప్పాలంటే నా ప్రార్థన బాగుపడింది కూడా ఆ రోజుల్లోనే.

పిల్ల తేరుకోవడం మా అత్త చూసింది. చూసి తనదే గెలుపనుకుంది. మట్టల ఆదివారం నాడు, అందరూ ఈత మట్టలు పట్టుకుని గుడిలో కూర్చుని ఉండగా, సాక్ష్యం చెప్పడానికి లేచింది.

"నా కోడలు పాలు లేవని ఏడిచింది. ఉపవాసం మానేస్తానంది. నేను మాననివ్వలేదు. బుధవారం కూడా ఉంచాను. ఇయ్యాల చూడండి, పిల్ల ఎట్టా ఉందో! గిన్నెడు కూడు ఇవ్వలేని పాలు, పస్తుంటే దేవుడిచ్చాడు. పిల్లతల్లులారా, మీరూ ఉండండి."

ముందు వరసలో ఒళ్ళో బిడ్డలున్న వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు తల ఊపుతున్నారు. నేను తల వంచుకున్నాను. అయ్యగారి భార్య వాళ్ళ వంక చూసింది, నా వంక చూసింది, లేచింది.

"ఆ పాలు ఉపవాసంతో రాలేదమ్మా. అవి నావి. పిల్లకి పాలిస్తోంది నేను. పిల్లతల్లులెవరూ పస్తుండకండి. పిల్లలు చచ్చిపోతారు."

మా అత్త చేతిలో మట్ట అలాగే ఉంది. ఆవిడ ముఖంలో సిగ్గు కనపడుతుందేమోనని చూశాను. కనపడలేదు.

"సంఘం బియ్యం తిని వచ్చిన పాలు" అంది నా వంక తిరిగి. "అవి దేవుడి సొమ్ము. దేవుడికి ఇచ్చింది దొంగతనంగా ఇంటికి తెచ్చుకున్నావన్నమాట. నువ్వు దొంగవి. ఇచ్చింది అమ్మగారు, కాబట్టి ఆవిడా దొంగే."

ఇంత పెద్ద మాటకి ఎవరైనా అడ్డు వస్తారనుకున్నాను. రాలేదు. పేటలో నిండు కుండ తెచ్చేది మా అత్త. నిండు కుండ ఉన్నవాళ్ళ మాట నిజం కావాలని జనం కోరుకుంటారు.

మరుసటి ఆదివారం పునరుత్థాన పండగ. మా అత్త ఉత్త చేతులతో గుడికి వెళ్ళింది. ఆ తర్వాత ఇంకొకరు కుండ తేవడం మానేశారు. కొందరు అడుగున కాస్త వేసి తెచ్చి, మా అత్త చూడకముందే పోసేసి వెళ్ళేవాళ్ళు. గోనెపట్టా మీద బియ్యం కుప్ప చాటెడయింది. తర్వాత చాటలో అడుగయింది.

ఇంట్లో మాత్రం నా చేత పిడికెడు తీయించడం ఆవిడ మానలేదు. "ఇచ్చేది దేవుడికి, వాళ్ళకి కాదు" అనేది. కుండ నిండింది. ఇంకో కుండ తెచ్చింది. పైన ముక్కపురుగులు పాకుతుండేవి. నా కంచంలో తగ్గిన అన్నం పురుగులు తిన్నాయి.

అయినా అమ్మగారు నన్ను రావద్దనలేదు. పొయ్యి మీద తోటకూర ఒక్కటే ఉడుకుతున్న రోజున కూడా చేతులు చాపింది. ఒకరోజు నా పిల్లని తీసుకుని, రొమ్ముకి పెట్టుకుని, కాసేపటికి తిరిగి ఇచ్చేసింది. నా ముఖం చూడలేదు.

"ఇక తీసుకురాకమ్మా. ఇద్దరికీ చాలడం లేదు. నా బిడ్డకి చూసుకోవాలి."

"అట్టాగే అమ్మగారూ" అన్నాను.

మామిడి కోతలు మొదలుకాకముందే వాళ్ళు పేట విడిచి వెళ్ళిపోయారు. ఎడ్లబండి మీద ఒక పెట్టె, చాప, గిన్నెలు. బండి చాట్రాయి దారి పట్టింది. మా అత్త వాకిలి ఊడుస్తోంది, చీపురు ఆపలేదు.

నా పిల్ల బతికింది. తోటలో కోతలు మొదలవగానే గంపలు మోయడానికి వెళ్ళాను. పిల్లని చెట్టు కింద గడ్డి మీద పడుకోబెట్టి, రాలిన రసాల పండు పిండి వేలితో నాకించేదాన్ని. కూలి గింజలతో జావ కాచి పోశాను. ఉపవాసం మానేశాను. మా అత్త అరిచింది. అరవనిచ్చాను.

వానలు పడ్డాక చాట్రాయి వైపునుంచి కబురొచ్చింది, అయ్యగారి బిడ్డ పోయిందని. విరేచనాలన్నారు. మా అత్త విని, "ప్రభువు చిత్తం" అంది. నేను అన్నానికి బియ్యం కొలుస్తున్నాను. పిడికెడు తీసి కుండలో వేశాను. అది ఎవరికి వేస్తున్నానో నాకు తెలుసు. మా అత్త పొలానికి వెళ్ళిన రోజు ఆ కుండ ఎత్తుకెళ్ళి, పేట చివర బాలింతగా ఉన్న ఒకావిడ చాటలో పోసి వచ్చాను. ఆ తర్వాత ఇంట్లో కుండ ఎటు ఖాళీ అవుతుందో మా అత్త అడిగితే, "దేవుడికే ఇచ్చాను" అనేదాన్ని. అబద్ధం కాదు.

చాలా ఏళ్ళకి మా అత్తకి పక్షవాతం వచ్చింది. ఒక వైపు పడిపోయింది. గంజి తప్ప మింగుడు పడేది కాదు. అప్పటికి కొలిచేది నేను, వడ్డించేది నేను. పిల్లలు పాలు మానాక శుక్రవారం ఉపవాసం మళ్ళీ పట్టాను, నా ఇష్టంతోనే. శ్రమల దినాల్లో ఒక శుక్రవారం, పొద్దున్నే మూలిగింది.

"ఏమే... కాస్త గంజి పొయ్యవే."

నేను ఆవిడ చూస్తుండగా దేవుడి కుండ మూతిగుడ్డ విప్పి, అందులోంచి గుప్పెడు తీశాను. ఆవిడ కన్ను పెద్దదైంది.

"ఇంట్లో వేరే బియ్యం లేవా?"

"ఉన్నాయి అత్తయ్యా."

"మరి దేవుడి సొమ్ము ఎందుకే?"

"ఇవే కాస్తాను. మీరు తాగితే తాగండి."

కాచి, చల్లార్చి, గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. ఆవిడ పళ్ళు బిగించింది. గంజి మీద పొర కట్టింది. నేను లేచి నా పని చూసుకున్నాను. మళ్ళీ వచ్చి వెచ్చచేసి కూర్చున్నాను. బిగించిన పళ్ళు అలాగే ఉన్నాయి. బతిమాలలేదు. వేరే బియ్యం కాచనూ లేదు.

సాయంత్రం గుడిలో ఉపవాస ప్రార్థనకి గంట కొట్టారు. ఆ గంట విని ఆవిడ నా వంక చూసింది. తర్వాత నోరు తెరిచింది.

చెంచాతో పోశాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా పోశాను. మూతి తుడిచి, గిన్నె కడిగి బోర్లించాను. నేను ఆ రోజు తినని పూటల బియ్యం కొలిచి కుండలో పోసి, గుడ్డ కట్టి, ప్రార్థనకి వెళ్ళాను.