సమానమేనా అన్న ప్రశ్న

ఆ రోజుల్లో ఉద్యోగం పర్మనెంటయితే చాలు, ఇక జన్మలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదనుకునేవాణ్ణి. (తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.) అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. నాచారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో నేనూ మౌలాలి అన్నా ఒకే రోజు, ఒకే పనికి చేరాం. ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద, ఉండేది మౌలాలిలో, అందుకే ఆ పిలుపు. కోస్తా నుంచి వచ్చి ఉప్పల్‌లో గది దొరక్క తిరుగుతున్న నన్ను మొదటి వారమంతా తన ఇంట్లోనే ఉంచుకుని అన్నం పెట్టాడు. అలాంటి మనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరెలా వస్తుంది?

ఆర్నెల్లయ్యాక మేనేజరు గారు పిలిచి చెరో ఫారం ఇచ్చారు. పైన 'పీర్ ఫీడ్‌బ్యాక్' అని ఉంది. "పీర్ అంటే హోదాలో నీకు సమానమైనవాడు. మీరిద్దరూ ఒకరి గురించి ఒకరు రాయండి. దీన్నిబట్టే పర్మనెంట్ చేస్తాం" అన్నారు. అర్థం స్పష్టంగానే తెలిసింది. తెలిసే చెడ్డాను. 'పనిలో ఇతను మీకు సమానమేనా?' అన్న చోట పెన్ను ఆగిపోయింది. అవునంటే ఎంత పొగరు! 'కాదు. ఆయన ముందు నేనెంత? నేను నేర్చుకోవాల్సింది ఇంకా చాలా ఉంది' అని గుండ్రటి అక్షరాలతో రాసి, నా వినయానికి నేనే మురిసిపోయాను. ఆ ఊపులో అమ్మకు ఫోన్ చేసి, పర్మనెంట్ అయిపోయినట్టే అని చెప్పేశాను. ఆవిడ వీధంతా మిఠాయిలు పంచేసింది.

వారం తర్వాత అన్న పర్మనెంటయ్యాడు. నాకు ఇంకో ఏడాది ప్రొబేషను. "నేర్చుకోవాల్సింది చాలా ఉందని నువ్వే రాశావుగా" అంటూ మేనేజరు గారు నా కాగితం నాకే చూపించారు. ఆ సాయంత్రం చాయ్ హోటల్లో అన్న ముందు సిగ్గు లేకుండా ఏడ్చాను.

"ఏందిరా నువ్వు జేసింది?" అంటూ అన్న తల పట్టుకున్నాడు. "నేనేం రాసిన్నో ఎర్కేనా? ఇద్దరం బరాబర్ అని రాసిన. గంతే. గా ఒక్క ముక్క రాయనీకి నీకేమైంది?"

"పెద్దవాడివి కదన్నా, బాగుండదని..."

"నేను ఒక మెట్టు దిగొస్తే నువ్వు ఇంకో మెట్టు దిగుతవ్. ఇగ మనం ఎన్నడు కలవాలె?"

కలవనే లేదు. ఏడాది గడిచి నేను పర్మనెంటయ్యేసరికి ఆయన నాకు పై అధికారి. ఆ తర్వాత వచ్చిన ఫారాల్లో ఆయన పేరు రాసే గడే లేకపోయింది. నన్ను తనతో సమానమని రాసిన ఒకే ఒక్క మనిషిని నా చేత్తోనే పైకి పంపేసి, కింద ఒంటరిగా మిగిలాను.

ఇప్పటికీ ఆయన ఫోన్ చేస్తే లేచి నిలబడి మాట్లాడతాను. "కూసోరా" అంటాడు, అక్కణ్ణుంచి చూడకుండానే. అప్పటి నాలోని ఆ వెర్రి కుర్రాణ్ణి తిట్టుకుని, నవ్వుకుని కూర్చుంటాను. కుర్చీ అంచు మీదే.