గొర్రెలు నాకిన కలుపుమందు

కదిరమ్మకు వయ్యారిభామ అంటే ఒళ్లు మంట. మాటవరసకు కాదు, నిజంగానే. ఆ తెల్లపూల పిచ్చిమొక్క గుమ్మఘట్ట దగ్గర వాళ్ల గొర్రెల దొడ్డి చుట్టూ నడుమెత్తు పెరిగింది. పీకిన ప్రతిసారీ మోచేతుల దాకా దద్దుర్లే. అది పక్కన ఉన్నంతకాలం ఏ పూతమందూ పనిచేయదని రాయదుర్గం డాక్టరు తేల్చేశాడు.

"మంద కంటే నీ చేతులు ముఖ్యం. వచ్చే నెల బేరగాడొస్తాడు, గొర్రెల్ని ఇచ్చేద్దాం," అన్నాడు భర్త తిప్పయ్య. ప్రేమతోనే అన్నాడు, పాపం. కానీ ముప్పై ఏళ్లుగా ఆ గొర్రెలే లోకంగా బతికిన కదిరమ్మకు ప్రాణం విలవిల్లాడింది.

గొర్రెలు తిరిగే చోట అంగడి కలుపుమందు కొట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. ఉప్పునీళ్లు పడితే ఆ మొక్క మాడిపోతుందని అంగన్‌వాడీ టీచర్ త్రివేణి చెప్పింది. ఇంకేముంది, కదిరమ్మకు కాలు నిలవలేదు. ఐదు లీటర్ల నీళ్లలో కిలో రాళ్ల ఉప్పు కరిగించి, చేతులకు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, మూతకు బెజ్జాలు పొడిచిన సీసాతో మిట్టమధ్యాహ్నం ఎండలో ప్రతి ఆకూ తడిసేలా చల్లింది.

సాయంత్రం మంద తిరిగొచ్చింది. ఉప్పు జాడ తగిలిందో లేదో, గొర్రెలన్నీ ఎగబడి ఆకుల్ని శుభ్రంగా నాకేశాయి. కడిగినట్టు పచ్చగా నిలబడ్డ వయ్యారిభామను చూసి తిప్పయ్య పడీ పడీ నవ్వాడు. గొర్రెలకు ఉప్పంటే ప్రాణమని ఊళ్లో అందరికంటే బాగా తెలిసిన మనిషి చేసిన పని మరి! కదిరమ్మకు తల కొట్టేసినట్టయింది. అవి ఆ విషపు ఆకు కూడా తింటాయేమోనన్న భయంతో కర్ర తీసుకుని తరిమింది.

అంతటితో ఊరుకునే రకమా? ఈసారి ముందు గొర్రెలకే ఉప్పు పెట్టింది. కడుపునిండా నీళ్లు తాగించింది. మొక్కలకు అడ్డంగా తుమ్మకంప వేయించింది. ఆకుకు బాగా పట్టుకోవాలని ఉప్పునీళ్ల మందులో కుంకుడు రసం కలిపి మళ్లీ చల్లింది. పక్కింటి పెద్దక్క వేరుశనగ చేలో చల్లుకోవడానికి కాస్త ఇమ్మని సీసా తెస్తే, ఇది చేనునూ చంపుతుందని, నేలనూ చెడగొడుతుందని చెప్పి వెనక్కి పంపింది.

మూడో రోజు పొద్దున దొడ్డి చుట్టూ ఆకులన్నీ మాడి వేలాడుతున్నాయి. కదిరమ్మ సంతోషానికి పట్టపగ్గాల్లేవు. కొంగు దోపుకుని దొడ్డి చుట్టూ పరుగెత్తింది. పళ్లు తోముకుంటున్న మొగుణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించింది. ఎండిన మొక్కల్ని అతనే పారతో చెక్కి దూరంగా గుంతలో పూడ్చాడు. మిగిలిన పిలకలకు ఆమె మళ్లీ మళ్లీ మందు కొట్టింది. దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి.

చెప్పినట్టే మరుసటి నెల బేరగాడు వచ్చి, మందలో ఎన్ని ఉన్నాయని అడిగాడు. కదిరమ్మ మొగుడి వైపు తిరిగింది. బేరగాడికి మాట ఇచ్చింది అతను, వద్దనాల్సిందీ అతనే. తిప్పయ్య భార్య చేతుల వైపు ఒకసారి చూశాడు.

"ముప్పై ఆరుండాయి. అమ్మేదానికి ఒకటీ లేదప్పా."