ట్యాప్‌రూమ్ నుంచి మల్లయ్య మామ ఇంటి దాకా

హన్మకొండల కొత్త బారుకు ‘ట్యాప్‌రూమ్’ అని బోర్డు పెట్టిన్రు. మా కాలేజీ పిల్ల ఒకతి అడిగింది: "సార్, ట్యాప్ అంటే నల్లా గదా, తాగే జాగకు ఆ పేరేంది?" ఎనుకట పీపాకు బొక్క పెట్టి, బిరడా తీసి మందు వంపేటోళ్లని, ఆ వంపే గదికే ఆ పేరు పడ్డదని చెప్పిన. తాడిచెట్టుకు గాటు పెట్టి కల్లు తీసుడును గూడ ఇంగ్లీషోళ్లు ట్యాపింగే అంటరు. ఆ సంగతి చెప్పక పాఠం మొదలువెట్టిన.

కల్లు గీసే నన్ను చదివిచ్చేటందుకు పైసలు తెచ్చిండు మా మేనమామ మల్లయ్య. ఒకసారి నేను చదివే కాలేజీకి వస్తే దోస్తులకు "మా ఊరాయన" అని చెప్పిన. ఆయన విన్నడు. ఇరవై ఏండ్లాయె, మాఫీ అడగలె. నిరుడు చెట్టు మీంచి పడ్డడని తెలిసి గూడ పోలె. థూ, నాదొక బతుకా!

ఆదివారం ఏడింటికి బస్టాండుల ఇడ్లీ తిని పాలకుర్తి బస్సెక్కిన. ఎండాకాలం పోయేటోళ్లు ఈ బస్సే పట్టుండ్రి, తర్వాత ఉడికిపోతరు. సుట్టాలింటికి పోతున్ననంటే పక్క సీట్ల పెద్దమ్మ, "ఉత్త చేతులతోని పోతవా బిడ్డా?" అన్నది.

బస్సు దిగి, ఊరి బయట తాళ్ల కింద కల్లమ్మే మండువల ఒక సీసా కొన్న. "ఎవలింటికి సార్?" అని కల్లు పోసేటాయన అడిగిండు. "తెలిసినాయన ఇంటికి" అన్న.

తొమ్మిదిన్నరకు ఇల్లు చేరిన. మామ మంచంల ఉన్నడు, కాళ్లు పనిచేస్తలేవు. చెట్టెక్కే మోకు గోడకు వేలాడుతాంది. నన్ను చూసి నవ్విండు. సీసా ముందట పెట్టంగనే మొఖం గోడ దిక్కు తిప్పుకున్నడు.

అత్త నెత్తి కొట్టుకున్నది. "అయ్యో కొడుకా! కల్లు గీసే గౌండ్లాయనకు వేరేటోళ్ల తాళ్ల కల్లు తెస్తరా? అది ఆయన ఎన్నడన్న ముట్టిండా?"

గౌండ్లింటి ఆడబిడ్డ కడుపున పుట్టి గూడ ఈ పద్ధతి మరిచిపోతి. "మాఫ్ చెయ్యి మామా," అన్న, "దీనికే గాదు, కాలేజీ కాడ అన్న మాటకు గూడ."

మామ మళ్ల నా దిక్కు తిరిగిండు. "నా తాళ్లు గిప్పుడు ఆ మండువోళ్లే గీస్తాన్రు. నా పేరు చెప్తే నా చెట్టు కల్లే పోసేటోళ్లు. ఆడ ఎవలింటికని చెప్పినవ్ రా?"

తలకాయ దించుకున్న. ఆయనకు సమజైంది. సీసా వంచి మూడు చుక్కలు నేలతల్లికి సాక వదిలి, తను తాగకుంట సీసా నాకే ఇచ్చేసిండు. "అన్నం తిని పో," అన్నడు.

నాలుగింటికి తిరుగు బస్సెక్కిన. సీటు దొరికింది, రోడ్డు మంచిగనే ఉన్నది. పక్కాయన, "ఎవలింటికి వచ్చినవన్నా?" అని అడిగిండు.

"మల్లయ్య గౌడ్ ఇంటికి. మా సొంత మేనమామ," అని బస్సంత వినేటట్టు చెప్పిన. వినవలసినాయన మంచంల ఉండె.