నీళ్ళకు నిలవని ఇంకు

మొన్న వికారాబాదులో మా అమ్మాయి కొత్తగా కొన్న ప్రింటర్ నుంచి వచ్చిన మొదటి కాగితాన్ని నేను తడివేలితో రుద్ది చూస్తుంటే, అదేం పనమ్మా అని నవ్వింది. అక్షరం చెదరలేదు. నాకు మాత్రం తాండూరులో మా చిన్నమ్మ గుర్తొచ్చి ఆ పూట అన్నం సయించలేదు.

తాండూరు బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో ప్రశ్నపత్రాల కోసమని ఇంట్లో ఒక ప్రింటర్ పెట్టుకున్నాను. మీకూ గుర్తుండే ఉంటుంది, దానితో వచ్చే కార్ట్రిడ్జుల్లో స్పాంజి ఉండేది, ఇంకు ఎంత మిగిలిందో తెలిసేది కాదు, సగం పేజీలోనే అక్షరాలు వెలిసిపోయేవి. అందుకని స్పాంజి లేనివి, లోపలిదంతా పైకి కనబడేవి తెప్పించి, సిరంజితో నేనే రంగులు నింపుకునేదాన్ని, వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయేదాన్ని. ఆ చవక ఇంకు నీళ్ళు తగిలితే కరుగుతుందని అమ్మినాయన ముందే చెప్పాడు. ప్రశ్నపత్రాల మీద నీళ్ళెవరు పోస్తారులే అనుకున్నాను.

నాపరాళ్ళ పాలిషింగ్‌లో పనిచేసిన చిన్నాయన పోయినప్పుడు, ఆయనదంటూ ఉన్న ఒకే ఒక్క ఫోటో, గుర్తింపు కార్డు మీదిది, చిన్నమ్మ నా చేతిలో పెట్టింది. స్కాన్ చేసి, పెద్దది తీసి, పటం కట్టించి ఇచ్చాను. నీళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే నా పనితనం తక్కువవుతుందనిపించింది, అదీ నిజం. కార్డును పింఛను కాగితాలతో పాటు ఆఫీసులో ఇచ్చేశాం, తర్వాత కొన్నాళ్ళకే నా కంప్యూటర్ చెడిపోయి అందులోనివన్నీ పోయాయి.

సంవత్సరీకం రోజు నేను వెళ్ళేసరికి చిన్నమ్మ పటం విప్పి ముందు పెట్టుకుని కూర్చుంది. అద్దానికి బొట్టు పెడితే ఆయనకేం తాకుతది, నొసటికే పెట్టాలె అని అద్దం తీసి, ముందుగా తడిగుడ్డతో ఫోటో తుడిచిందట. చిన్నాయన ముఖం ఉన్నచోట నీలం మరక మిగిలింది.

"నా చెయ్యే మంచిది గాదు బిడ్డా, నేనే తుడిచేసుకున్న," అంది.

చుట్టాలందరూ ఉన్నారు. పోనీలే చిన్నమ్మా అన్నాను, అంతే. ఆ తర్వాత ఆమె ఇంట్లో ఏ పటాన్నీ ముట్టుకోలేదు, పండగొచ్చినా బొట్లన్నీ కోడలితోనే పెట్టించేది. చూస్తూ కూడా నోరు విప్పలేదు నేను.

ఇప్పుడు ఒక్కో మనిషివి ఫోన్లో వందల ఫోటోలుంటున్నాయి, ఒకటి పోయినా ఎవరికీ పట్టదు, ఇంకు కూడా నీళ్ళకు నిలుస్తోంది. చిన్నమ్మ పోయి ఏళ్ళయింది. తప్పు నీ చేతిది కాదు, నా ఇంకుదని ఆమె ఉండగా చెప్పలేకపోయాను. తాండూరు వెళ్ళినప్పుడల్లా ఆమె పటానికి బొట్టు పెట్టమని కోడలు కుంకుమ భరిణె అందిస్తుంది. నువ్వే పెట్టమ్మా అంటాను.