ఒడిబియ్యం ఫోటోల్లో విమానం

కంప్యూటరు ముందు కూర్చుని జీతం తెచ్చుకునే ప్రతివాణ్ణీ సాఫ్ట్‌వేర్ ఇంజనీరని గౌరవించే కాలం ఒకటుండేది. ఆ గౌరవాన్ని నేనూ కొన్నాళ్లు అనుభవించాను. అప్పటికి మెట్రో రైలు రాలేదు. ఫోనుకి కెమెరా ఉన్నా, అందులో మనిషికీ గోడకీ పెద్దగా తేడా తెలిసేది కాదు. మాది తెనాలి వైపు. ఎల్బీ నగర్‌లో ఒక ఆడిటరు గారి ఆఫీసులో బిల్లులు టైపు చేసే ఉద్యోగం దొరికి, దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఒక ఇంటి పై గదిలో కిరాయికి దిగాను. ఇంటివాళ్లది నల్గొండ దగ్గర పల్లెటూరు. ఓనర్ ఆంటీ వచ్చినవాళ్లందరికీ నన్ను "కంప్యూటర్ల పెద్ద నౌకరి చేస్తడు" అని పరిచయం చేసేది. (అంత పెద్దదేం కాదని చెప్పబోయేవాణ్ణి. ఈలోగా ఆవిడ తినడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టేది, నేను మాట మింగి అది తినేవాణ్ణి.)

ఆ ఇంట్లో ఒక పాత అలక నడుస్తుండేది. ఆంటీ కూతురి పెళ్లిలో ఆవిడ అన్నగారు, అంటే పిల్లకి సొంత మేనమామ, తెల్లవారింది మొదలు నిలువుకాళ్ల మీద చాకిరీ చేశాడట. తీరా ఆల్బం వచ్చాక చూసుకుంటే అందులో ఆయన లేడు. పందిరి ఉంది, వంటవాళ్లున్నారు, ఎవరిదో స్కూటరు కూడా ఉంది, మేనమామ మాత్రం లేడు. "ఫోటోలకు పనికిరానోణ్ణి ఇంటికేం పనికొస్త?" అని ఆయన రాకపోకలు మానేశాడు. చాలా ఏళ్లకి ఎవరెవరో నచ్చజెబితే, చెల్లెలికి ఒడిబియ్యం పోయడానికి ఒప్పుకున్నాడు. (మా వైపు ఈ వేడుక నేను చూసి ఎరగను. మూడేళ్లకో అయిదేళ్లకో ఒకసారి పుట్టింటివాళ్లు ఆడపడుచుకి కొత్త చీర పెట్టి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు.) ఫోటోలు తీసే భారం నా మీద పడింది. "బాబూ, మా అన్న లేని ఫోటో ఒక్కటి గూడ ఉండొద్దు. ఈసారి గూడ లేకపాయెనంటే ఇగ మా అన్న నాకు లేనట్టే" అంది ఆంటీ. నవ్వుతూనే అంది కానీ కళ్లు నవ్వలేదు.

ఆఫీసులో నా పక్క సీటు మిత్రుణ్ణి బతిమాలి డిజిటల్ కెమెరా తెచ్చాను. అన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఫ్లాష్ వెలిగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. చెల్లెలి ఒడిలో బియ్యం పోస్తూ కూడా ఆయన బియ్యం వంక చూడలేదు, నా వంకే చూశాడు. వచ్చే ఆదివారం మళ్లీ వచ్చి ఫోటోలు చూస్తానని చెప్పి ఊరికి బయలుదేరాడు.

మర్నాడు సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఓనర్ అంకుల్ మెట్ల దగ్గర కాపు కాసి ఉన్నారు. "బాబూ, జర పైకి నడువు" అన్నారు గుసగుసగా. ఇంట్లోవాళ్లు చూసుకుంటారని పొద్దున కెమెరా కింద ఇచ్చి వెళ్లాను. ఒక ఫోటోలో ఆయన లడ్డూ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంటూ దొరికిపోయారట. "గా ఒక్కటి తీసేద్దామని చెత్తడబ్బా బొమ్మ ఉన్న బటన్ ఒత్తిన. ఏందో ఇంగ్లీషుల అడిగింది. సరే అన్న. మళ్ల అడిగింది. మళ్ల సరే అన్న. అన్నీ పోయినయ్." మెట్ల వైపు ఒకసారి తొంగి చూశారు. "మీ ఆంటీకి తెలిస్తే నాకు ఇంట్ల బువ్వ పుట్టదు. బావకు తెలిస్తే ఇగ ఈ గడప తొక్కడు. నువ్వు కంప్యూటరోనివి గద, ఎట్లన్న చేసి వాపస్ తెప్పియ్యి."

నా పెద్ద నౌకరీకి పరీక్ష వచ్చింది. నాకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించాను. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టాను. మెమరీ కార్డుని చొక్కాకి తుడిచాను. మర్నాడు ఆఫీసుకి పట్టుకెళ్లి కంప్యూటర్లో పెట్టి, రీసైకిల్ బిన్ తెరిచి చూస్తే, అందులో ఆడిటరు గారు పారేసిన ఉత్తరాలు తప్ప ఏమీ లేవు. కంప్యూటరు ఆపి మళ్లీ వేశాను. (అప్పట్లో ఎవరు ఏ కంప్యూటరు కష్టం చెప్పుకున్నా నేనిచ్చే సలహా అదే. పేరు కూడా దానివల్లే వచ్చింది.) కార్డు ఖాళీగానే ఉంది, నా బుర్ర అంతకన్నా ఖాళీగా ఉంది.

చివరికి అంకుల్ స్కూటరు మీద ఇద్దరం దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఒక షాపుకి వెళ్లాం. షాపతను కార్డు వెలుతురుకి పెట్టి చూసి, "ఖాళీ అని చూపిస్తది గానీ ఖాళీ కాదు" అన్నాడు. ఉన్నాయా అంటే లేవన్నాడు. పోయాయా అంటే పోలేదన్నాడు. ఉండి కూడా కనపడకపోవడమేమిటో, పోయి కూడా పోకపోవడమేమిటో నాకు అంతుచిక్కలేదు. కానీ అర్థమైనట్టు తలూపుతూ నిలబడ్డాను, పక్కన అంకుల్ ఉన్నారు కదా. అతను అంకుల్ వైపు తిరిగి, "ప్లాటు మీద బోర్డు పీకేసిండ్రు సార్, గంతే. జాగ ఆడ్నే ఉంటది. దాని మీద ఇంకొకడు ఇల్లు కడితేనే పోయినట్టు" అన్నాడు. బాటసింగారం దగ్గర ప్లాటు కొని, నెలకోసారి వెళ్లి హద్దురాళ్లు ఉన్నాయో లేవో చూసొచ్చే మనిషికి ఈ మాట ఠక్కున ఎక్కింది. వెంటనే మొహం వాడిపోయింది. "మరి నేను తర్వాత రెండు ఫోటోలు తీసిన. కెమెరా కరాబయిందేమో చూద్దామని, మా స్కూటర్‌వి." షాపతను నిట్టూర్చి, "అయితే రెండు ఇండ్లు కట్టిండ్రు. వచ్చినకాడికి వస్తయ్" అన్నాడు.

ఆదివారం పొద్దున, దొరికిన ఫోటోలెక్కించిన సీడీ చేతికొచ్చింది. ఒకసారి ముందుగా చూసుకుందామనుకుంటే ఆ అదృష్టం కూడా లేకపోయింది. మేము ఇంటికొచ్చేసరికే అన్నగారు సోఫాలో కూర్చుని టీవీకి ఎదురుగా సిద్ధంగా ఉన్నాడు. సీడీ ప్లేయర్లో పెట్టాం. మొదటి ఫోటోలో ఎవరో బట్టతలాయన అరటాకులో పెరుగన్నం కలుపుకుంటున్నాడు. "మీ దిక్కాయనా?" అంది ఆంటీ అంకుల్‌తో. "మీ దిక్కేమో అనుకున్న" అన్నారు అంకుల్. తరవాత ఒకావిడ పట్టుచీరలో దండ వేయించుకుంటోంది. ఆవిడ తన భార్య తరఫు చుట్టమై ఉంటుందని అన్నగారు మర్యాదగా ఒప్పుకున్నాడు. వరుసగా ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తూనే ఉన్నారు, వీళ్లు ఒకరి వైపు నుంచి ఇంకొకరి వైపుకి చుట్టరికాలు పంచుతూనే ఉన్నారు. నాకేమో అసలు నేను ఏ ఇంట్లో ఫోటోలు తీశానన్న అనుమానం పుట్టింది. ఇంతలో టీవీ నిండా ఒక చిన్న విమానం వచ్చి ఆగింది.

"ఒడిబియ్యానికి ఇమానమెందుకొచ్చింది?" అంది ఆంటీ. అప్పుడు వెలిగింది నాకు. కెమెరా ఇచ్చిన నా మిత్రుడి బావగారు నాదర్‌గుల్‌లో ఉంటారు, అక్కడ విమానాలు నడపడం నేర్పే చోటుంది. కార్డులో అతను ఎన్నడో చెరిపేసిన ఫోటోలు కూడా మా వాటితో కలిసి తిరిగొచ్చాయన్నమాట. ఇది ఎలా చెప్పాలా అని నేను నీళ్లు నములుతుంటే అంకుల్ ఆగలేక, "నేనే పోగొట్టిన బావా, లడ్డు ఫోటో తీసెయ్యబోతే అన్నీ పోయినయ్" అని మొత్తం కక్కేశారు.

సరిగ్గా అప్పుడే మా ఫోటోలు మొదలయ్యాయి. పైసగం ఫోటో, కింది సగం ఒట్టి బూడిద రంగు. నుదురు, మీసం, ఇస్త్రీ కాలరు, ప్రతి ఫోటోలో అన్నగారు నిండుగా ఉన్నాడు. అక్కడి నుంచి కిందికి చేతులు లేవు, చీర లేదు, పీట లేదు, బియ్యం లేవు. "నా మొకం మంచిగనే వచ్చింది" అన్నాడాయన తృప్తిగా. ఆంటీ మాత్రం టీవీ దగ్గరగా వెళ్లి నిలబడింది. "నా ఒడి ఏదన్నా? బియ్యం ఏవి? ఇన్నేండ్లకు పోస్తివి, పోసినట్టే లేకపాయె" అంది. అన్నగారికి కోపమొచ్చింది. "ఫోటోల లేకుంటే నేను పొయ్యలేనట్టేనా ఏంది?" అన్నాడు గట్టిగా.

అని, ఆగిపోయాడు. ఆయన తన మాట తనకే ఎక్కడో తగిలినట్టు టీవీ వంకా, చెల్లెలి వంకా చూసి తల దించుకున్నాడు. చిన్నగా, "మూడేండ్లకు మళ్ల పొయ్యాలె గద. పోస్త తియ్" అన్నాడు. "ఒస్తవా అన్నా?" అంది ఆంటీ. "రాకుంటే ఎవరు పోస్తరే నీకు?" అన్నాడు. ఆవిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ ఘడియలో నోరు మూసుకోవాలని తోచని నేను, "ఈసారి కొత్త కార్డు పెడదాం ఆంటీ" అని కేకేశాను.

మూడేళ్లు తిరక్కుండానే ఉద్యోగం మారి ఊరి రెండో చివరికి వెళ్లిపోయాను. మూడేళ్లు నిండాక ఒకరోజు అంకుల్ ఫోన్ చేసి, బావ వచ్చాడని, ఒడిబియ్యం ఘనంగా అయిందని చెప్పారు. సంతోషమని చెప్పి, ఫోటోలు ఎవరు తీశారని అడిగాను. "ఫోటోలా? ఎవ్వరు తియ్యలే బాబూ, యాదికే రాలే. ముచ్చట్లు పెట్టుకుంటనే పొద్దుగూకింది" అన్నారు. నన్ను పిలవనే లేదని నేను ఆ రోజంతా చిన్నబుచ్చుకుని తిరిగాను. అప్పటి నన్ను, ఆ కుర్రాణ్ణి, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కొంచెం జాలి కూడా వేస్తుంది.