గట్టెక్కిన ఫ్లైవీల్

ప్రిస్కిల్లా గారు రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు. కాపురం ధవళేశ్వరం అవతల, కాలువ గట్టు కింద ఉన్న అత్తవారింట్లో. ఈ రెంటికీ మధ్య ఉన్న రోడ్డు మీద ఆమె తన ఎర్ర కారును నడిపే వేగం గురించి ఊళ్లో రెండు అభిప్రాయాలున్నాయి. అది తప్పని కొందరంటారు. పాపమని మిగతావాళ్లంటారు.

కారు చిన్నది. రెండే తలుపులు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, జీవితంలో చేసిన పొరపాట్లన్నీ నెమరు వేసుకుంటూ ప్రయాణించాలి. ఇంజను మాత్రం ఇంతకు రెండింతల కారును లాగగలది. ఏడాదికి రెండుసార్లు కాకినాడ వైపు ఒక ఖాళీ మైదానంలో ప్లాస్టిక్ కోన్లు నిలబెట్టి, వాటి మధ్య కార్లను మెలికలు తిప్పే పోటీ ఒకటి జరుగుతుంది. అందులో ఆమెది ఎప్పుడూ రెండో స్థానమే. మొదటిది, అదే కాలేజీలో కామర్స్ చెప్పే మణిశంకర్ గారిది. ఓడిపోవడం ఆమెకు కొత్త కాదు గానీ, ఫిజిక్సును కామర్సు ఓడించడం మాత్రం మింగుడుపడలేదు.

"ఏంటండీ మీ రహస్యం?" అని ఒకరోజు స్టాఫ్ రూములో అడిగేశారు.

"రహస్యమేముందండీ, ఫ్లైవీల్ మార్పించాను. అల్యూమినియంది. పాతదాంట్లో సగం బరువుండదు," అన్నారు మణిశంకర్ గారు, టిఫిన్ బాక్సు మూత పెడుతూ. "మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఇంజను వెనక తిరిగే ఆ ఇనుప చక్రం గురించి ఆమె ఏటా బోర్డు మీద బొమ్మ వేసి మరీ చెబుతారు. కుమ్మరి సారె ఎందుకు బరువుగా ఉంటుందో ఇదీ అందుకే బరువుగా ఉంటుంది. ఒకసారి తిరగడం మొదలుపెట్టాక తన ఊపుతో తనే తిరుగుతూ, ఇంజను నీరసపడిన క్షణంలో దాన్ని ఆగిపోకుండా కాస్తుంది. బరువు తగ్గిస్తే ఇంజను చటుక్కున వేగం అందుకుంటుంది. చటుక్కున ఆగిపోతుంది కూడా. పాఠంలో ఈ రెండో వాక్యాన్ని ఆమె పిల్లలచేత అండర్‌లైన్ చేయిస్తారు. తన వంతు వచ్చేసరికి మొదటి వాక్యం దగ్గరే పుస్తకం మూసేశారు.

కోయంబత్తూరు నుంచి పెట్టె వచ్చింది. లోపల చక్రం కొత్త మూకుడులా మెరుస్తోంది. ఆమె అత్తగారు సువార్తమ్మ గారు దాన్ని ఒంటి చేత్తో ఎత్తి చూశారు.

"ఇంత తేలిగ్గా ఉందేంటమ్మా?"

"తేలిగ్గా ఉండాలనే తెప్పించానండి అత్తయ్యా."

"అలా అని వాళ్లు చెప్పారా? పోన్లే. మంచిగా మాట్లాడే అమ్ముంటారు."

సువార్తమ్మ గారు చర్చిలో స్త్రీల సమాజానికి చాలాకాలంగా అధ్యక్షురాలు. ఎన్నికలు ఏటా జరుగుతాయి. ఆమె ఏటా ఉంటారు. ఆ చర్చి కాలువ గట్టు మీద ఉంది. పెళ్లికూతురి కారు ఇంటి దగ్గర బయల్దేరి, గట్టు కిందికి వచ్చి, అక్కడ్నించి ఏటవాలు దారిలో పైకెక్కాలి. ముందు ఆడవాళ్లు కీర్తన పాడుతూ నడుస్తారు. ఒక్కో చరణం అయ్యాక అందరూ వెనక్కి తిరిగి, పెళ్లికూతురిని చూస్తూ పల్లవి అందుకుంటారు. అంతసేపూ కారు ఆగాలి. పల్లవి కాగానే కదలాలి, ఆడవాళ్ల నడక ఎంతో అంతే. కీర్తనకు ఐదు చరణాలు. ఐదూ ఎత్తు మీదే పాడతారు, చదునైన దారిలో మాట్లాడుకోవలసినవి ఉంటాయి గనక. హారను కొట్టకూడదు. ఇంజను చప్పుడు పాటను మించకూడదు. ఒకసారి అద్దె కారు డ్రైవరు ఒకడు మూడో చరణంలో ఇంజను గట్టిగా రేపాడు. ఆ దంపతులు ఇవాళ ఏ విషయానికి పోట్లాడుకున్నా, సువార్తమ్మ గారు మూడో చరణాన్నే తలుచుకుంటారు.

ఇప్పుడు ఆ గట్టు ఎక్కవలసిన పెళ్లికూతురు ఆమె సొంత కూతురు ఆశాజ్యోతి. వచ్చే గురువారమే పెళ్లి. చీర దగ్గర, వంటల దగ్గర, ఆఖరికి పెళ్లికొడుకు దగ్గర కూడా పెద్దల మాటకు ఎదురు చెప్పని పిల్ల, ఒక్క విషయంలో పట్టుబట్టింది. వదిన కారులోనే వెళ్తానంది. వదినే నడపాలంది. సువార్తమ్మ గారు రెండు రోజులు ప్రార్థనలో పెట్టి ఒప్పుకున్నారు.

"దారిలో కారు ఆగిపోయినా, అరిచినా," అన్నారు కోడలితో, "నేను నిన్నేం అనను. ఊరంటుంది, నేను వింటాను."

సోమవారం పొద్దున ప్రిస్కిల్లా గారు కారును రాజమండ్రిలో రమేష్ బాబు షెడ్డులో పెట్టారు. క్లచ్ ప్లేటు అరిగింది, పెళ్లిలోగా మార్చక తప్పదు. దానికి గేరుబాక్సు దింపాలి. ఎలాగూ దింపుతున్నప్పుడు ఫ్లైవీల్ కూడా మార్చేస్తే ఒక దింపుడుతో రెండు పనులూ అయిపోతాయి. పెళ్లయిన రెండు వారాలకే పోటీ. ఇంత చక్కటి లెక్కలో తప్పెక్కడుందో చదువుకున్నవాళ్లకు కనిపించదు. పెట్టె అప్పగించి, కాలేజీలో పాఠాలయ్యాక మధ్యాహ్నం, మణిశంకర్ గారు ఆ పూటకు ఇచ్చిన ఆయన కారు తీసుకుని ఆమె ఇంటికి బయల్దేరారు.

దారిలో బజారు దగ్గర సువార్తమ్మ గారు ఎక్కారు. "చర్చి దగ్గరికి పోనీ. మనవాళ్లు పాట చూసుకుంటున్నారు."

గట్టు కింద పదిమంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. సువార్తమ్మ గారు అద్దం దించి, "ఎలాగూ కారుంది కదా, కారుతోనే చూసుకుందాం. పాడండి," అన్నారు.

మొదటి చరణం అయింది. పల్లవి అయింది. ప్రిస్కిల్లా గారు క్లచ్ వదిలారు. కారు ఒక్కసారి ఎగిరి, ఆగిపోయింది. రెండో చరణం దగ్గర ఇంజనును కొంచెం రేపారు. కారు కదిలింది గానీ, పాట వినబడలేదు. మూడో చరణంలో మళ్లీ ఆగి, ఈసారి వెనక్కి జారింది. ఆమె హ్యాండ్ బ్రేకు లాగారు. పాడేవాళ్లు పల్లవి మధ్యలో నోళ్లు తెరిచి నిలబడిపోయారు.

"దగ్గొచ్చిందాండీ కారుకి?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు.

సువార్తమ్మ గారు అద్దం పైకెత్తేశారు. తర్వాత, "ఇది ఎవరి కారు?" అన్నారు.

"మణిశంకర్ గారిదండి."

"నీది ఇలా చెయ్యదు కదా?"

ప్రిస్కిల్లా గారికి తను పిల్లలచేత అండర్‌లైన్ చేయించే వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. వెంటనే ఫోను తీశారు. రమేష్ బాబు ఎత్తలేదు. మళ్లీ చేశారు. ఎత్తలేదు. అత్తగారిని అక్కడే దింపి కారు వెనక్కి తిప్పారు. ధవళేశ్వరం బజార్లో లారీల మధ్య ఆ కారు ఎన్నిసార్లు ఆగిందో ఆమె లెక్కపెట్టలేదు; వెనకవాళ్లు హారన్లతో లెక్కపెట్టారు. ఇంజను ఆగిన ప్రతిసారీ ఆమెకు గట్టు మీద వెనక్కి జారుతున్న ఆశాజ్యోతి, తెల్ల చీరలో, పూలగుత్తితో సహా కనిపించింది.

షెడ్డులో రమేష్ బాబు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఫోన్ ఎత్తరేంటండీ?"

"చేతులకి గ్రీజండి మేడం."

"బిగించేశారా?"

"ఎక్కడండీ. ఫ్లైవీలుకి కొత్త బోల్టులు కావాలండి, పాతవి మళ్లీ వాడకూడదు. కొట్టాయన భోంచేసి పడుకున్నారు. కొత్తవి చేతికి రాకుండా నేను పాతవి ముట్టుకోనండి." టీ గ్లాసు కింద పెట్టాడు. "ఐదింటికి తెరుస్తారు. రాత్రికల్లా అయిపోద్ది."

రాజమండ్రి వర్తకుల మధ్యాహ్నపు నిద్ర మీద ప్రిస్కిల్లా గారు ఇంతకుముందు చాలాసార్లు కఠినంగా మాట్లాడి ఉన్నారు. ఆ మాటలన్నీ అక్కడికక్కడే మనసులో వెనక్కి తీసుకున్నారు.

గేరుబాక్సు దింపేసిన కారు కిందికి వంగి చూశారు. పాత చక్రం నల్లగా, జిడ్డుగా, ఉన్నచోటే ఉంది. బల్ల మీద కొత్తది మెరుస్తోంది. ఇంకో రెండు వారాల్లో మైదానం, కోన్లు, మణిశంకర్ గారి ముఖం. ఆమె కొత్తదాన్ని ఒకసారి చేతుల్లోకి తీసుకున్నారు. నిజంగానే ఎంత తేలిగ్గా ఉందో.

"క్లచ్ ప్లేటు ఒక్కటే మార్చండి," అన్నారు. "పాతది ఉండనివ్వండి."

"మరి ఇదండీ?"

"డిక్కీలో పడెయ్యండి."

గురువారం ఎర్ర కారు పూలతో గట్టు కిందికి వచ్చింది. వెనక సీట్లో ఆశాజ్యోతి ఒక్కతే అడ్డంగా ఒదిగి కూర్చుంది. మొదటి చరణం. ఆగింది, కదిలింది. రెండోది. మూడో చరణం అత్యంత నిటారుగా ఉన్న చోట వచ్చింది. సువార్తమ్మ గారు వెనక్కి తిరిగారు. పెళ్లికూతురి వంక చూడాల్సిన ఆవిడ కారు బానెట్టు వంక చూస్తున్నారు. పల్లవి అయిపోయింది. ప్రిస్కిల్లా గారు క్లచ్ మెల్లగా వదిలారు. ఇంజను ఒక్క క్షణం తగ్గింది, బరువుగా ఒకసారి మూలిగింది, పాత చక్రం దాన్ని పట్టుకుంది. కారు ఆడవాళ్ల వెనక ఆవులా నడిచింది.

"వదినా, ఊపిరి తీసుకో," అంది వెనక నుంచి ఆశాజ్యోతి.

ఐదో చరణం దగ్గర ఆనందం పట్టలేక సువార్తమ్మ గారు మళ్లీ నాలుగోది ఎత్తుకున్నారు. దానికీ ఆగింది. దానికీ కదిలింది. చర్చి గుమ్మం ముందు ప్రిస్కిల్లా గారు హ్యాండ్ బ్రేకు లాగారు. ఆమె స్టీరింగు మీద తల ఆనించి కాసేపు అలాగే ఉండిపోయారు. లోపల పాస్టరు గారు కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెది అప్పటికే అయిపోయింది.

మణిశంకర్ గారు చెమటలు కక్కుతూ గట్టెక్కి వచ్చారు.

"మీ కారెక్కడండీ?"

"కిందే పెట్టి నడిచొచ్చానండి. దానికి భక్తి తక్కువ."

రెండు వారాల తర్వాత పోటీలో ఆమెకు మళ్లీ రెండో స్థానమే వచ్చింది. కొత్త చక్రాన్ని సువార్తమ్మ గారు ఆవకాయ జాడీ మూత మీద బరువు కోసం పెట్టి చూసి, పనికిరాదని తీసేశారు. మైదానం నుంచి ప్రిస్కిల్లా గారు ఇంటికి ఫోన్ చేసి ఫలితం చెప్పారు.

"అది సరేనమ్మా," అన్నారు సువార్తమ్మ గారు. "కారు ఎక్కడా ఆగలేదు కదా?"

"లేదండి."

"అయితే చాల్లే. సెప్టెంబర్లో ఇంకో పెళ్లుంది, మాటిచ్చేశాను."