ఫోన్ ప్రమాదం లేని రోజులు

లోకంలో ఎవరైనా తప్పు చేస్తే దాచుకుంటారు. స్మృతి నగర్ నరసింగరావు గారు మాత్రం గోడకెక్కిస్తారు. ఆయనకున్న పిచ్చి అదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ మామూలు మనిషేనని ఆయన భార్య సత్యవాణి గారే ఒప్పుకుంటారు.

ముప్పై నాలుగేళ్లు ఉక్కు కర్మాగారంలో సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరయ్యారాయన. అక్కడ ఒక బోర్డుండేది, ప్రమాదం లేకుండా గడిచిన రోజులు ఇన్ని అని. ఎవరికి వేలు నలిగినా అంకె సున్నాకొచ్చేసేది, ఏం జరిగిందో ఎందుకు జరిగిందో కింద రాసేవారు. రిటైరైన నెలకే నరసింగరావు గారు అలాంటి నల్లబల్ల ఒకటి చేయించి, తన ఇంటి ఎదురుగా ఉన్న కాలనీ సంఘం హాలు గోడకు తగిలించారు. పైన ఎర్ర పెయింటుతో "ఫోన్ ప్రమాదం లేకుండా గడిచిన రోజులు" అని రాయించారు.

ఆ అంకె ఏనాడూ వారం దాటిన పాపాన పోలేదు. మంగళవారం నాలుగుండేది, బుధవారం పొద్దున్న జనం పాల ప్యాకెట్ల కోసం బయటికొచ్చేసరికి సున్నా. కింద ముత్యాల్లాంటి అక్షరాలు:

"సంఘటన: కరెంటు కట్ చేస్తామని మెసేజ్ వచ్చినది. అందులోని నంబరుకు ఫోన్ చేయడమైనది. బాధితుడు: నరసింగరావు. కారణం: కంగారు. జాగ్రత్త: మెసేజ్‌లో ఉన్న నంబరుకు చేయరాదు, బిల్లు మీద ఉన్న నంబరుకే చేయవలెను."

ఆ పై వారం మరొకటి:

"సంఘటన: పెళ్లి శుభలేఖ అని ఫైలు వచ్చినది. పేరు చివర ఏపీకే అని ఉన్ననూ తెరవడమైనది. బాధితుడు: నరసింగరావు. కారణం: భోజనం మీద ఆశ. జాగ్రత్త: శుభలేఖ బొమ్మగా వచ్చును, యాప్‌గా రాదు."

కొరియర్ వాడు చెప్పాడని స్టార్ 401 నొక్కి తన కాల్స్ అన్నీ ఎవరికో మళ్లించుకున్నదీ ఆయనే. కంప్యూటర్‌లో వైరస్ ఉందని తెరంతా ఎర్రబడి అరిస్తే, అందులో ఇచ్చిన నంబరువాణ్ణి బాబ్బాబని బతిమాలుకున్నదీ ఆయనే. కాలనీవాళ్లు పేపరు కంటే ముందు ఈ బోర్డు చదివేవారు. రాయ్‌పూర్ బయల్దేరినవాళ్లు దారిలో కుమ్హారి ఊరు దాటేదాకా ఆయన తాజా తప్పు చెప్పుకుని నవ్వుకునేవారు. చివరికి కూరగాయలమ్మే ఆవిడ కూడా, "జీరో హో గయా క్యా, దీదీ?" అని సున్నా అయిందో లేదో హిందీలో అడిగాకే టమాటాలు తూచేది.

సత్యవాణి గారికి తల కొట్టేసినట్టుండేది. తప్పు చేస్తే చేశారు, ఊరంతా చాటింపు దేనికని ఎన్నోసార్లు మొత్తుకున్నారు. దెబ్బ తగిలితే దాచకూడదు, దాస్తే అదే దెబ్బ ఇంకొకడికి తగులుతుందని ఆయన జవాబు. ఆవిడకి అంతుపట్టనిది ఇంకొకటుంది. వాతావరణం యాప్ పెట్టుకోవడానికి కూడా ఆ నిబంధనలన్నీ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివి, టిఫిను నుంచి భోజనం వేళ దాకా ఆలోచించి గానీ ఒప్పుకోని మనిషి. ఈయనకి కంగారెప్పుడొచ్చిందో ఆవిడెన్నడూ చూడలేదు.

మొన్న సత్యవాణి గారు నెహ్రూ నగర్‌లో చెల్లెలింటికని వెళ్లి, ఆవిడ లేకపోవడంతో వెంటనే తిరిగొచ్చారు. పెరటి వరండాలో కాలనీ సంఘం అధ్యక్షుడు రాజగోపాల్ గారు కూర్చుని చెమటలు కక్కుతున్నారు. పెద్ద అధికారిగా రిటైరైన మనిషి, చెప్పులు కూడా పెరటి గుమ్మంలోనే విప్పారు. గ్యాస్ కంపెనీ నుంచి అంటూ ఎవరో ఫోన్ చేస్తే, తన తెర అవతలివాడికి కనిపించే యాప్ ఒకటి పెట్టుకున్నారట. నరసింగరావు గారు ఆ ఫోన్‌కి నెట్ తెంపేసి, తన ఫోన్ నుంచి బ్యాంకుకి చేయించి ఖాతా ఆపించి, యాప్ పీకేశారు. ఇది బయటికి పొక్కకూడదని మాట తీసుకుని రాజగోపాల్ గారు పెరటి దారినే వెళ్లిపోయారు.

మర్నాడు బోర్డు మీద సున్నా. బాధితుడు: నరసింగరావు. కారణం: పెద్ద ఉద్యోగం చేశానన్న ధీమా.

సత్యవాణి గారు చీపురు పట్టుకునే నిలదీశారు. అప్పుడు బయటపడింది, ఏడాదిగా గోడకెక్కిన తప్పుల్లో ఒక్కటీ ఆయనది కాదని, అన్నీ ఆవిడ ఇంట్లో లేని వేళ చూసి పెరటి దారిన వచ్చినవాళ్లవేనని.

"వాళ్ల పేరు రాస్తే రేపు ఎవరూ రారే," అన్నారాయన. "పేరే లేదనుకో, ఎవరూ చదవరు. నాదైతే నవ్వుకోడానికైనా చదువుతారు."

ఆవిడకి ఒళ్లు మండింది, కళ్లు కూడా చెమర్చాయి. ఏది ముందో ఆవిడకే తెలియలేదు.

ఆ "ధీమా" అన్న మాట రాజగోపాల్ గారికి ముల్లులా గుచ్చుకుంది. ఆదివారం సంఘం మీటింగు పెట్టించి, కాగితం చూసి చదివారు. ఒక్క మనిషి ఏడాదిలో యాభై తప్పులు చేసి మనందరికీ సలహాలివ్వడమేమిటి, వచ్చిన చుట్టాలు ఇది కాలనీయా యాక్సిడెంట్ వార్డా అని అడుగుతున్నారు, ఆ బోర్డు తీసేయాలి. అనుకూలమైనవాళ్లు చేతులెత్తండి.

సత్యవాణి గారు మొగుడి వైపు చూశారు. ఒక్క మాట చాలు, ఆ పెద్దమనిషి తల దించుకోవాల్సిందే. నరసింగరావు గారు లేచి నిలబడ్డారు.

"తీసేయండి సార్. రేపు నా గేటుకి కడతాను. అక్కడా వద్దంటే మెళ్లో వేసుకుని మార్కెట్‌కెళ్తాను. తప్పు చేసింది నేను, రాసింది నేను. సిగ్గు నేను పడతాను గానీ, మధ్యలో మీకేటి కష్టం?"

ఒక్క చెయ్యీ లేవలేదు. సత్యవాణి గారు తలతిప్పి చూస్తే, అందరూ తమ ఒళ్లోని ఫోన్ల వంకే చూస్తున్నారు. ఇంతమంది తన పెరటి గుమ్మం తొక్కారా అని ఆవిడకి నవ్వొచ్చింది.

ముందు లేచింది ఎనభై ఏళ్ల అప్పయమ్మ. "కరెంటు మెసేజీ నాదే బాబూ. ఆ శుభలేఖా నాదే. బోర్డు పీకేస్తే రేపు నానెవలి కాడికెల్లాలి?"

స్టార్ 401 నాదని హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన భాగ్యరేఖ గారు నెమ్మదిగా చెయ్యెత్తారు. వైరస్ నాదని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. రాజగోపాల్ గారు చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టారు, మళ్లీ విప్పారు, గొంతు సవరించుకున్నారు.

"గ్యాస్ సంగతి... అది నాది."

"కాదు సార్, అది నాది," అన్నారు నరసింగరావు గారు.

"నాదని చెప్తున్నాను కదండీ."

"బోర్డు మీద నా పేరుంది. మీరు కూర్చోండి."

సంఘం అధ్యక్షుడు కూర్చోనన్నారు. నరసింగరావు గారు తగ్గనన్నారు. జనం నవ్వలేక, ఊరుకోలేక అవస్థపడుతున్నారు. సత్యవాణి గారు లేచి కొంగు దోపుకున్నారు.

"ఏటండీ మీ పట్టుదల. ఆయన తప్పు ఆయనకిచ్చేయండి. మీ సొంతవి ఇంట్లో బోలెడున్నాయి, నేను రాయిస్తాను."